మా ఆయన నాలుక చేప

మా ఆయన కారు ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కారుకి వీపు తిప్పి నిలబడాలి. తర్వాత కూర్చోవాలి. కూర్చోవడమంటే కుర్చీలో కూర్చున్నట్టు కాదు, నీళ్ళ తొట్టిలోకి దిగినట్టు దిగాలి. ఆ తర్వాత మోకాళ్ళు రెండూ కలిపి లోపలికి లాక్కోవాలి. వీటిలో ఏది ముందువెనకలైనా తల పైకప్పుకి కొట్టుకుంటుంది. పన్నెండేళ్ళుగా ఎక్కుతున్నాను, ఇప్పటికీ నెలకొకసారి కొట్టుకుంటూనే ఉంటుంది. దిగడం గురించి చెప్పను. మా హిమి ఊరి సూపర్‌మార్కెట్ ముందు నేను దిగడం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళకి తెలియకపోవడమే మంచిది.

ఎర్ర కారు. రెండే సీట్లు. పక్కన నిలబడితే పైకప్పు నా చంక కిందికి వస్తుంది. ఎత్తు లేదు గాని వెడల్పుంది. అందుకని మా సందులో వాళ్ళు దానికి నాలుక చేప అని పేరు పెట్టారు. ఇసుకలో బల్లపరుపుగా పడుకుని కళ్ళు పైకి పెట్టుకుని చూసే చేప. రేవు ఊరు కదా, ఇక్కడ మనుషులకైనా బళ్ళకైనా చేపల పేర్లే పెడతారు.

మా ఆయన పేరు నోజు యోషిహిరో, వయసు అరవై. రేవు పక్కన కమబోకో కార్ఖానాలో ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా పని. రుబ్బిన చేపని ఆవిరి మీద ఉడికించి అచ్చులు తీస్తారు. పెళ్ళిళ్ళకి పంచే ఎర్ర చేప బొమ్మలకి కన్నూ పొలుసులూ దిద్దేది మా ఆయనే. మా వైపు ఆ చేపని కోసి ఇరుగుపొరుగుకి పంచకపోతే పెళ్ళి జరిగినట్టే కాదు. ఈ ఊళ్ళో సగం కాపురాలు మా ఆయన చేతి మీదుగానే మొదలయ్యాయి. ఆయన మాత్రం ఆ మాట ఎక్కడా అనడు. మాట తక్కువ, క్షమించండి అనడం ఎక్కువ. దారిలో ఎవరైనా తనని గుద్దుకున్నా ముందు క్షమాపణ చెప్పేది ఈయనే.

అటువంటి మనిషి నలభై ఎనిమిదో ఏట, మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన నెలలో, ఒక్కరికీ చెప్పకుండా మా డబ్బా కారు ఇచ్చేసి ఈ ఎర్రదాన్ని తెచ్చాడు. సెకండ్ హ్యాండ్ బండి. గుమ్మం ముందు ఆపి, లోపలికి రాకుండా దాని పక్కనే నిలబడ్డాడు.

"ఇందులో బియ్యం బస్తా ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాను.

"నీ ఒళ్ళో," అన్నాడు. కారు పైకప్పు మీద చెయ్యి వేసి, "ఇరవయ్యో ఏటినించీ అనుకుంటున్నాను కజుయే. ఇంకేమీ అడగను," అన్నాడు.

వారం రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత మాట్లాడక తప్పలేదు. నాకు డ్రైవింగ్ రాదు, ఇంటికి ఉన్న బండి అదొక్కటే. పది కిలోల బియ్యం నా ఒళ్ళో, ముల్లంగి దుంపలు కాళ్ళ సందున, ఉల్లికాడల కట్ట కిటికీలోంచి బయటికి. కిరాణా కొట్టు ముందు చక్రాలు ఆపే సిమెంటు దిమ్మలుంటాయి చూశారా, వాటికి దీని మూతి గీసుకుంటుంది. అందుకని ఎక్కడికెళ్ళినా వీధిలోనే ఆపి, నేను దిగి, ముందుకి నడిచి చూసి చెయ్యి ఊపాలి. ఎత్తున్న చోటికి ఏటవాలుగా ఎక్కించాలి. మరీ ఎత్తయితే వెనక డిక్కీలో చెక్క పలకలున్నాయి, అవి తీసి పరవాలి. పార్కింగు చీటీ తీసుకోవాలంటే చెయ్యి అందదు, తలుపు తీసి లేవాలి. వెనక బళ్ళవాళ్ళు చూస్తూ ఉంటారు. మా ఆయన లేచి, చీటీ లాగి, వెనక్కి తిరిగి వాళ్ళకి వంగి దణ్ణం పెట్టి, మళ్ళీ తొట్టిలోకి దిగుతాడు.

కొన్నవాడు దర్జాగా తిరగాలి కదా. ఈయన ఇష్టపడి కొనుక్కున్నదాన్ని దొంగ సొమ్ములా దాచుకుని తిరిగాడు. బంధువుల పెళ్ళికి వెళ్తే రెండు వీధులవతల ఆపి నడిచేవాళ్ళం. మా అత్తగారి సంవత్సరీకానికి గుడి వెనక చేపల గోదాము దగ్గర ఆపి, నల్లబట్టల మీద వానలో తడుస్తూ వెళ్ళాం. సిగ్నలు దగ్గర పిల్లలు ఫోనులో ఫొటో తీస్తే లోపల్నించే తల వంచేవాడు. నేనూ తక్కువ తినలేదు. తెలిసినవాళ్ళు ఎదురైతే ఒళ్ళో బస్తా వెనక మొహం దాచుకునేదాన్ని.

అన్నిటికంటే విడ్డూరం తెల్లవారుజామున. కార్ఖానా నాలుగున్నరకి మొదలు. ఆ వేళకి బస్సు లేదు. ఈ కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే సందు సందంతా లేచి కూర్చుంటుంది. అందుకని మా ఆయన తలుపు తీసి, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి తలుపు చట్రం మీద పెట్టి, మూల మీది పాత టోఫు కొట్టు దాకా తోసుకుంటూ వెళ్ళేవాడు. అక్కడ ఇళ్ళు లేవు. అక్కడ ఎక్కి స్టార్టు చేసేవాడు. గుర్రాన్ని కొన్నవాడు గుర్రాన్ని మోసినట్టు ఉందని నేను దెప్పితే, "అలవాటైపోయిందిలే," అనేవాడు.

మూడో చలికాలంలో ఒకరోజు ఎదురింటి మురై కునియో బాబాయిగారు అది చూశారు. అరవయ్యేళ్ళు సముద్రంలో వలలు లాగిన మనిషి. పని మానేసినా మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తున్నట్టు సిగరెట్టు గుప్పిట్లో దాచి కాలుస్తున్నారు. వాళ్ళావిడకి కనబడకూడదని.

"ఏంటోయ్ నోజూ, బండి చచ్చిందా?"

"లేదండీ. చప్పుడవుద్దని."

"ఎవుడికి? నేను లేచే ఉన్నా కదా."

"మిగతావాళ్ళకి ఇబ్బంది కదండీ."

బాబాయిగారు కారుని ఒకసారి, ఈయన్ని ఒకసారి చూసి, సిగరెట్టు నలిపేసి, వెనకవైపు చేతులు ఆనించారు. "పడవని నీళ్ళలోకి తోసినట్టే ఉంది. పట్టు పట్టు."

ఆ రోజునించి తొమ్మిదేళ్ళు, జ్వరమో మంచో అడ్డం వస్తే తప్ప, ఆయన వెనక తొయ్యడం, మా ఆయన పక్కన తొయ్యడం. తోస్తూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలీదు. నేను పడుకుని వినేదాన్ని, టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడే వినబడేది. ఎదురింటి ఫుమి పిన్నిగారు మాత్రం నన్ను ఆటపట్టించేవారు. "మాకు పిల్లాజెల్లా లేరు, నీకు తెలుసుగా. ఆయన తోసిన ఉయ్యాల మీ కారొక్కటేనమ్మా."

ఒకసారి బాబాయిగారు పట్టుబట్టి అందులో కూర్చుని రేవు దాకా వెళ్ళారు. ఎక్కడం ఎక్కారు గాని దిగలేకపోయారు. కార్ఖానా వాళ్ళు నలుగురొచ్చి చంకల కింద చేతులేసి లాగారట. "వల్లో పడ్డ చేపకెలా ఉంటదో ఇన్నాళ్ళకి తెలిసిందిరా," అని ఆయన నవ్వుతుంటే నలుగురూ మళ్ళీ చేతులు వదిలేశారట. ఆ సాయంత్రం మా ఆయన ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. ఒకే సంగతి రెండుసార్లు చెప్పడం ఆయన జన్మలో అదొక్కటే. ఆ కారు విషయంలో మా ఆయన సిగ్గుపడని మనిషి ఈ ఊరు మొత్తానికి బాబాయిగారు ఒక్కరే.

పోయిన శరదృతువులో బాబాయిగారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పక్క పట్నం తకవోకాలో పెద్దాస్పత్రిలో చేర్చారు. పిన్నిగారు రోజూ రైల్లో వెళ్ళొచ్చేవారు. బాబాయిగారి అన్నగారి కుటుంబాన్ని అందరం పెద్దింటివాళ్ళు అంటాం. వలలు, పడవలు, పరువు అన్నీ వాళ్ళవే. పిన్నిగారు ఆ ఇంటికి చిన్న కోడలు. పెళ్ళయి యాభై ఏళ్ళు దాటినా తోడికోడలు పెద్దింటి అక్కగారి ముందు ఇప్పటికీ మోకాళ్ళు దగ్గరకి పెట్టుకునే కూర్చుంటారు.

డిసెంబరు మొదటి శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నర. వాన, పైన ఉరుములు. చలికాలం ఉరిమితే బురి చేప వలలోకి వస్తుందని మా వైపు సంతోషిస్తారు. మా ఆయన పనినుంచి వచ్చి కాళ్ళు వేడి చేసుకుంటున్నాడు. గుమ్మం తలుపు జరిగింది. ఫుమి పిన్నిగారు. వంటింటి ఏప్రను, కాళ్ళకి పెరటి చెప్పులు, గొడుగు లేదు.

"క్షమించండి. పెద్దింటి అక్కగారు ఆస్పత్రినించి ఫోన్ చేసింది. తొందరగా రమ్మంటోంది. నోజు గారూ, మీ దగ్గర టాక్సీ నంబరు ఉందా?"

మా సందులో ఎవరైనా టాక్సీ నంబరు అడిగితే బండి ఉన్నవాడు తాళం అందుకోవాలి. మమ్మల్ని తీసుకెళ్ళండని ఎవరూ నోరు విడిచి అడగరు. మా ఆయనకి అది చెప్పక్కర్లేదు. లేచి, గోడ మీది కొక్కేనికి ఉన్న తాళం తీశాడు.

"రండి పిన్నిగారూ. ముప్పావుగంట కూడా పట్టదు."

అప్పుడు నేనన్నాను. మెల్లగానే అన్నాను. ఆయనకి మాత్రమే వినపడాలని ఆయన మోచెయ్యి పట్టుకుని అన్నాను.

"ఆ కారులోనా? ఆస్పత్రి గుమ్మంలో పెద్దింటివాళ్ళందరూ నిలబడి ఉంటారు. ఇటువంటి వేళప్పుడు ఆ ఎర్రదాంట్లోంచి పిన్నిగారు దిగితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది?"

మా ఆయన చేతిలో తాళం చూసుకున్నాడు. పిన్నిగారి వైపు చూశాడు. ఆవిడ తన చెప్పుల వైపు చూస్తున్నారు. గుమ్మం చిన్నది, మెల్లగా అన్నా గట్టిగా అన్నా ఒకటే. ఆయన తాళం మళ్ళీ కొక్కేనికి తగిలించి ఫోను తీసుకున్నాడు.

"ఇరవై నిమిషాల్లో వస్తుందట," అన్నాడు.

పిన్నిగారు ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చారు. నల్లవి కాదు, నల్లవి కట్టుకుంటే ముందే చావుకి సిద్ధపడినట్టు ఉంటుందని బూడిదరంగువి. ఒళ్ళో తువ్వాళ్ళ మూట పెట్టుకుని మా గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. టీ ఇస్తే వద్దన్నారు. ఇరవై నిమిషాలయింది. ముప్ఫై అయింది. వాన రోజు, ఊళ్ళో టాక్సీలు నాలుగో అయిదో. మా ఆయన మూడుసార్లు వీధిలోకి వెళ్ళొచ్చాడు. మూడోసారి తడిసిన జుట్టుతో వచ్చి మళ్ళీ తాళం తీశాడు.

"వెళ్ళిపోదాం పిన్నిగారూ. ఏమైనా అనుకోనివ్వండి."

పిన్నిగారు లేచారు. లేచి మళ్ళీ కూర్చున్నారు. "పిలిచాం కదండీ. ఈ వానలో వస్తూ ఉంటాడు పాపం. వచ్చి చూస్తే మనం లేకపోతే ఏం బావుంటుంది?"

"అవునండీ," అన్నాను నేను. "ఫోన్ చేసి వద్దంటే మాట పోతుంది. వచ్చేసే ఉంటాడు."

ఒక మనిషి పోతున్నాడు. తొమ్మిదేళ్ళు మా బండిని తోసిన మనిషి. మేము ముగ్గురం కూర్చుని ముక్కూ మొహం తెలియని డ్రైవరు మనసు కష్టపెట్టుకుంటాడేమో అని ఆలోచించాం. దీన్ని మర్యాద అని మా తాతలు పేరు పెట్టారు. ఇది జబ్బు. నాకు ఈ జబ్బు ఎముకల్లో ఉంది.

టాక్సీ నలభై అయిదు నిమిషాలకి వచ్చింది. డ్రైవరు టోపీ తీసి, ఆలస్యమైంది క్షమించండి అని వంగాడు. ఇంత వానలో మీకు శ్రమ కలిగించాం అని పిన్నిగారు వంగారు. మా ఆయన ముందు సీట్లో ఎక్కాడు. నేను సందులో గొడుగు పట్టుకుని, బండి మూల తిరిగేదాకా తల వంచి నిలబడ్డాను.

రాత్రి వంట వేళకి ఆయన తిరిగొచ్చాడు. కోటు విప్పకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

"మేం చేరడానికి ఇరవై నిమిషాల ముందు పోయారట," అన్నాడు.

నేను తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

"చివరిదాకా తెలివిలోనే ఉన్నారట. తలుపు వైపే చూస్తున్నారని నర్సు చెప్పింది." తర్వాత, "కింద గుమ్మంలో ఎవరూ లేరు. వాన కదా. అందరూ పైన గదిలోనే ఉన్నారు," అన్నాడు.

నేను సూప్ వేడి చెయ్యడానికి వెళ్ళాను. స్టవ్వు వెలిగించి, దాని ముందు అలాగే నిలబడ్డాను. తర్వాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను. ఆయన మొదటిసారి తాళం తీసినప్పుడు బయల్దేరితే, దారిలో రెండుసార్లు ఆగినా అందుకునేవాళ్ళు. రెండోసారి తీసినప్పుడైతే చెప్పలేం. ఆ మొదటిసారి ఆయన మోచెయ్యి పట్టుకున్నది ఈ చెయ్యే.

మర్నాటినుంచి మా ఆయన కారు తియ్యలేదు. దానికి ముసుగు కప్పి, తెల్లవారుజామున నా పాత సైకిలు మీద పనికి వెళ్ళాడు. జనవరిలో మంచు పడ్డాక సైకిలు కూడా నడిపించుకుంటూ వెళ్ళాడు. చేతులు పగిలాయి. పగిలిన వేళ్ళతో పెళ్ళి చేపలకి కళ్ళు దిద్దితే గీత వంకర పోతోందని కార్ఖానాలో చిన్నవాడికి ఆ పని ఇచ్చారు. ఆయన అది కూడా ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. ఇన్ని రోజుల్లో నువ్వే అన్నావు కదా అని ఒక్కసారైనా అంటాడేమో అని ఎదురుచూశాను. అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఇద్దరం అరుచుకునేవాళ్ళం. కొంత బరువు దిగేది. ఆయన అనలేదు. ఉప్పు అందించమన్నంత మామూలుగా మాట్లాడుతూ ఉన్నాడు. నాకు ఇంట్లో తల ఎత్తుకోవడానికి చోటు లేకుండా పోయింది.

బాబాయిగారి నలభై తొమ్మిదో రోజు కర్మలయ్యాక పిన్నిగారు ఇంటింటికీ తిరిగి, చావు ఖర్చుకి సాయం పెట్టినవాళ్ళకి ఇవ్వవలసిన బదులు కానుకలు ఇచ్చారు. మా ఇంటికి ఆఖరున వచ్చారు. లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టాం. టీ పొడి పెట్టె మా వైపు జరిపి, చేతులు రెండూ చాప మీద ఆనించారు.

"ఆ రోజు టాక్సీ పిలిచిపెట్టారు. వానలో నాకు తోడు వచ్చారు. మీకు ఎంతో ఇబ్బంది కలిగించాను."

మా ఆయన నుదురు చాపకి ఆనించాడు. లేవలేదు.

"పిన్నిగారూ, కారు గుమ్మంలోనే ఉంది. తాళం నా చేతిలోకి వచ్చింది. నేనే మళ్ళీ తగిలించాను. అందులో వెళ్తే అందుకునేవాళ్ళం. నాకు సిగ్గేసింది. బాబాయిగారు తొమ్మిదేళ్ళు దాన్ని తోశారు. ఆయన కోసం ఒక్క రోజు నడపలేకపోయాను."

బయట చూరు మీది మంచు జారి పడింది. పిన్నిగారు చాలాసేపు ఆయన మెడ వైపు చూశారు.

"లేవండి నోజు గారూ. నన్ను చెప్పనివ్వండి. మీరు తాళం తీసినప్పుడు నాకు పెద్దింటి అక్కగారి మొహం కనబడింది. అక్కడ చావుబతుకుల్లో ఉన్నది మా ఆయన. నాకు కనబడింది ఆవిడ మొహం. ఎలా వద్దనాలా అని చూస్తున్నాను. అంతలో కజుయే అంది, ఆ కారులోనా అని. నాకు ప్రాణం లేచొచ్చింది."

"కజుయే ఏమీ అనలేదండీ," అన్నాడు మా ఆయన, తల చాపకే పెట్టుకుని. "నేనే."

అబద్ధం ఆడటం ఆయనకి రాదు. చెవులు ఎర్రబడ్డాయి.

"అందండీ. నాకు వినబడింది." పిన్నిగారు మోకాళ్ళ మీదే నా వైపు తిరిగారు. ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది గాని గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు అనబట్టి ఆ మాట నేను అనక్కర్లేకపోయింది కజుయే. ఇన్ని రోజుల్నించీ నీకు చెప్పుకుందామనే అనుకుంటున్నాను. చాలా ఉపకారం చేశావమ్మా."

అని నాకు వంగి నమస్కారం చేశారు.

ఎదుటివాళ్ళు తల వంచితే మనమూ వంచాలి, పెద్దవాళ్ళు ఎత్తాకే ఎత్తాలి. నేను వంచాను. పిన్నిగారు ఎత్తారు. మా ఆయన కూడా ఎత్తాడు, ఆయన మోకాళ్ళు కదిలిన చప్పుడు వినబడింది. నాకు చాప అల్లిక తప్ప ఇంకేమీ కనబడలేదు. లేవాలని ఉంది, లేచి ఆవిడ మొహం చూడటం నా వల్ల కాలేదు. ఇంకా మర్యాద చేస్తున్నాననుకుని, పిన్నిగారు మళ్ళీ వంగారు.